మూఢంలో వేసిన తొవ్వ

ఆ తొవ్వ ప్రారంభించిన రోజు దాని మీద సైకిల్ తప్ప అన్నీ ఉన్నాయి. షామియానా ఉంది, ప్లాస్టిక్ కుర్చీలున్నాయి, మైకు ఉంది, పూలదండల బుట్ట ఉంది, పెద్దమనుషుల కార్లు ఒకదాని వెనక ఒకటి మూతులు ఆనించుకుని నిలబడి ఉన్నాయి. శామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయేటప్పుడు రోడ్డుకు కుడిచేతి పక్కన సన్నగా సిమెంటు పోసి, పచ్చరంగు పూసి, దానికీ రోడ్డుకూ మధ్య, గేట్లున్నచోటల్లా సందు వదిలి, మోకాలెత్తు గోడ కట్టి, దాన్ని సైకిల్ ట్రాకు అన్నారు. పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ అందరూ ఆ ఒక్కదాని మీదే పోవాలట.

నేను రోడ్డుకు ఇవతల నా చేపల బల్ల దగ్గర కూర్చుని తమాషా చూస్తున్నాను. రిబ్బను పట్టుకున్నాక గాని, ఫొటోలోకి ఒక సైకిలైనా కావాలన్న సంగతి ఆ మహానుభావుల్లో ఒక్కడికీ తట్టలేదు. చుట్టుపక్కల వెతికితే దొరికింది మా కోడలు సరళ సైకిల్ ఒక్కటే.

"జర ఆ డబ్బ దించమ్మా, ఫొటోల మంచిగుండదు" అన్నాడు వీరేందర్ సారు.

వీరేందర్ సారంటే, రోడ్డు మీద ఉన్న విల్లాల కాలనీకి సంఘం అధ్యక్షుడు. ఎన్నికలు ఎప్పుడొస్తాయో తెలియకపోయినా అప్పటినుంచే అందరికీ దండాలు పెడుతూ తిరిగేవాడు. సరళ చేపల డబ్బా దించింది. ఆయన సైకిలెక్కాడు. ఇటొకడు అటొకడు పట్టుకున్నారు, పడిపోకుండా. ఫొటో తీశారు. దిగాక రెండు చేతులూ ముక్కు దగ్గర పెట్టి వాసన చూసుకుని, జేబురుమాలుకు తుడుచుకుని మైకు అందుకున్నాడు.

"ఇగ మన అక్కచెల్లెండ్లు లారీల నడుమ పానాలు అరచేతుల పెట్టుకొని పోయే పనిలేదు. గీ తొవ్వ మీద కండ్లు మూసుకొని పోవచ్చు."

చప్పట్లు కొట్టినవాళ్ళలో నా కొడుకు బాలేష్ చప్పుడే ఎక్కువ. బాలేష్‌ను కన్నది నేనే కాబట్టి వాడిని ఎంత మాటైనా అనే హక్కు నాకుంది. మైకులో ఎవడు ఏది చెప్పినా వాడికి వేదమే. అదే మాట ఇంట్లో పెళ్ళాం చెబితే చెవిలో దోమ.

సరళ సంగతి చెప్పాలి. పెళ్ళై వచ్చిన కొత్తలో నా పక్కన పీటేసుకుని కూర్చుని, పొద్దంతా చేపల పొలుసు గీకేది. అడిగినదానికి ఊ అనేది, అడగనిదానికి అదీ లేదు. ఆ పిల్ల నవ్వు ఎట్లా ఉంటుందో నాకు తెలియదు అప్పుడు. తర్వాత ఎవరో అమ్ముతుంటే ఆ పాత సైకిల్ కొనుక్కుంది. వెనక క్యారేజీ మీద డబ్బా పెట్టి, రబ్బరు ట్యూబుతో బిగించి, పొద్దున చెరువు దగ్గర చేపలు తీసుకుని మేడ్చల్ దాకా తొక్కుకుంటూ పోవడం మొదలుపెట్టింది. అక్కడ ఆమె ఇళ్ళు ఆమెకున్నాయి. ఏ ఇంట్లో రవ్వ తింటారు, ఏ ఇంట్లో బొచ్చె తింటారు, ఏ ఇంట్లో అత్త ఊరికి పోయినప్పుడే కొర్రమట్ట కొంటారు, అన్నీ ఆమెకు ఎరుకే. సాయంత్రం వచ్చి ఆ ముచ్చట్లు చెబుతూ నవ్వేది. నేను చెప్పేదాన్ని, ఆమె వినేది అన్న కాలం పోయి, ఆమె చెబితే నేను వినే కాలం వచ్చింది. నా నోరు ఎరిగినవాళ్ళకు తెలుస్తుంది అది ఎంత పెద్ద మార్పో. ఆ సైకిల్ పోతే ఆ మనిషి మళ్ళీ పీట మీదికి వచ్చి కూర్చుంటుంది. నా భయమంతా అదే.

ఆ రోజు అన్నం దగ్గర బాలేష్ మొదలుపెట్టాడు.

"రేపటి సంది ట్రాకు మీదనే పోవాలె. రోడ్డెక్కేది లేదు."

"నాకు రోడ్డే అల్కగ, నిమ్మలంగుంటది" అంది సరళ.

"అల్కగుంటదా? ఎనక టిప్పరొచ్చి గుద్దితె ఇంకా అల్కగుంటది."

"టిప్పరోడు నన్ను సూస్తడు. ఆని ముందటనే పోతుంట గదా. ఆరన్ కొడ్తడు, తిడ్తడు, పక్కకెల్లి పోతడు. గా ట్రాకు గోడకవతల ఉన్నది. దాని మీద నేనున్ననో లేనో ఎవనికెరుక? గేట్లకు కారు తిప్పేటోడు రోడ్డు సూస్తడు, గేటు సూస్తడు. నడుమల నన్ను సూస్తడా?"

"అంత పెద్ద ఇంజనీర్లు కట్టిర్రు, నీకు ఎక్కువ తెలుసా?"

"ఆళ్ళు కట్టిర్రు. ఆళ్ళు తొక్కుతరా?"

రోడ్డు మంచిదని నేనూ అనను. టిప్పర్లు పోతుంటే నా బల్ల మీద తరాజు ఊగుతుంది. సరళ వచ్చేదాకా నేనూ మేడ్చల్ వైపే చూస్తూ ఉండేదాన్ని. అందుకే ఆ పూట నేను ఎవరి పక్కా మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండడం నాకెంత కష్టమో చెప్పాల్సిన పనిలేదు, పులుసు రెండుసార్లు వేసుకున్నాను.

"సరే" అన్నాడు బాలేష్, చెయ్యి కడుక్కుంటూ. "నేనే పోయి సూస్త. డబ్బ కట్టుకొని పోత. ఏదన్న అయితె నువ్వన్నట్టే. ఏం గాలేదనుకో, ఇగ నువ్వు ట్రాకు మీదనే పోవాలె. లేకుంటె సైకిలు బందు. గంతే."

వారం రోజులు తొక్కాడు. ఖాళీ డబ్బా కట్టుకుని, రాజుగారు వేటకు వెళ్ళినట్టు పోయి వచ్చాడు. ఒక కారు అడ్డం రాలేదు, ఒక మనిషి అడ్డం రాలేదు. ఆ రోడ్డు మీద ఎన్ని ఫంక్షన్ హాళ్ళున్నాయో శామీర్‌పేటలో అందరికీ తెలుసు. నా బల్లకు సరిగ్గా ఎదురుగానే ఒకటుంది, గేటుకు అటూ ఇటూ సిమెంటు ఏనుగులుంటాయి. అన్నింటి గేట్లూ మూసే ఉన్నాయి. ఏనుగుల మీద కాకులు కూర్చున్నాయి.

ఎందుకు మూసి ఉన్నాయి? మూఢం కదా. మార్గశిరంలో పట్టిన మూఢం పుష్యం మింగి, మాఘం మింగి కూర్చుంది. ముహూర్తాల్లేవు, పెళ్ళిళ్ళు లేవు. మా ఇంట్లో రోజూ ఆ మూఢం మాటే. సరళ అన్న కూతురు బిందు పెళ్ళి కుదిరి, మూఢం వల్ల ఆగిపోయి, మగపిల్లాడి వాళ్ళు మనసు మార్చుకుంటారేమోనని వాళ్ళింట్లో అందరికీ నిద్రల్లేవు. మేము పొద్దస్తమానం మూఢం ఎప్పుడు విడుస్తుందని వేళ్ళు మడుస్తూనే ఉన్నాం. అదే ఇంట్లో, అదే చాప మీద కూర్చుని, ట్రాకు మీద కార్లు అడ్డం రాలేదని బాలేష్ చెబితే విన్నాం. ఈ రెండు ముక్కలు కలిపి చూసే బుర్ర మా ఇంట్లో ఒక్కరికీ లేకపోయింది. పెళ్ళిళ్ళ పక్కన బతికేవాళ్ళం, పెళ్ళిళ్ళను బట్టి చేపలు తెచ్చేవాళ్ళం, మాకే లేకపోతే దాన్ని కట్టినవాళ్ళను అని ఏం లాభం? అయినా అంటాను. కట్టినవాళ్ళకు జీతాలున్నాయి.

"సూసినవా, ఒక్క పురుగు అడ్డం రాలే" అన్నాడు బాలేష్.

సరళ నా వైపు చూసింది. నేను తల ఊపాను. మర్నాటి నుంచి ఆమె ట్రాకు ఎక్కింది.

ఫాల్గుణం వచ్చింది, మూఢం విడిచింది. విడిచిందంటే మామూలుగా విడవలేదు, తూము తెరిచినట్టు విడిచింది. మూడు నెలలుగా ఆగిన పెళ్ళిళ్ళన్నీ ఒకేసారి మా రోడ్డు మీద పడ్డాయి. రోజుకు ఏ హాల్లో చూసినా పొద్దున పెళ్ళి, సాయంత్రం రిసెప్షన్. ఆ పచ్చ తొవ్వ గతి అప్పుడు చూడాలి. స్వాగతం కమానులకు గుంజలు నిలపడానికి నేల చదునుగా ఉన్నచోటు అదే. జనరేటరు బండి నిలపడానికి నీడున్నచోటు అదే. కార్లు ఎక్కువైతే వరుసగా పెట్టడానికి కొలిచి కట్టినట్టు వెడల్పున్నచోటూ అదే. కొబ్బరిబొండాల గాలయ్య ఏకంగా బండి తెచ్చి దాని మీద పెట్టి, బండికి గొడుగు కట్టాడు.

"సైకిళ్ళ తొవ్వ మీద పెట్టినవేందిరా" అని నేను ఇవతలి నుంచి అరిచాను.

"సైకిళ్ళెక్కడివవ్వా? ఉన్నదల్ల నీ కోడలి సైకిలొక్కటి. ఆమెకు జాగ ఇస్త తియ్యి" అన్నాడు గాలయ్య.

వాడు నిజంగానే ఇచ్చేవాడు. సరళ వస్తుంటే గొడుగు పక్కకు వంచేవాడు. ఆ రోడ్డు మీద ఆమెకు దారి ఇచ్చిన మగాడు వాడొక్కడే, వాడు కూడా దారికి అడ్డం పెట్టుకున్నవాడే.

ఆదివారాలు వీరేందర్ సారు సైకిల్ తొక్కేవాడు. ఈసారి ఎవరూ పట్టుకోనక్కర్లేని సైకిల్, ఒక వేలితో లేపొచ్చు అంత తేలికది. ఒంటికి అతుక్కున్న బట్టలు, తలకు పుచ్చకాయ చెక్కలాంటి టోపీ. ఆయనతో పాటు అలాంటివాళ్ళే ఇంకో అరడజను మంది. వెనక ఒక కారు లైట్లు మినుకుమినుకుమంటూ కాపలా. అందరూ తారురోడ్డు నడుమ గుంపుగా పోయేవారు. పక్కనే పచ్చ తొవ్వ, దాని వంక ఒక్కడు కన్నెత్తి చూడడు.

ఒక ఆదివారం ఆయన బొండం తాగడానికి ఆగితే నేను రోడ్డు దాటి పోయి అడిగాను.

"ట్రాకు మీద పోరా సారూ?"

"మా సైకిళ్ళకు అది పనికిరాదవ్వా" అన్నాడాయన, చెమట తుడుచుకుంటూ. "గేటు గేటుకు ఆగాలె. స్పీడు మొత్తం పోతది. మళ్ళా ముండ్లు, గాజు పెంకులు. మా టైర్లు మస్తు సన్నగుంటయి."

"మరి మా కోడలి టైర్లో?"

"మీయి మందముంటయి గదా."

ఆయన నవ్వలేదు. వేళాకోళం కూడా కాదది. నిజంగానే అట్లా అనుకుంటున్నాడు. ఆయనకు స్పీడు పోతే నష్టం, మా పిల్లకు ఏం పోయినా టైరు మందం.

ఇంతలో బాలేష్‌కు ఏనుగుల ఫంక్షన్ హాల్లో కార్లు నిలబెట్టించే పని దొరికింది. చెరువు మీద వల వేయడం ఎప్పుడో బరువైంది వాడికి. నీలం చొక్కా ఇచ్చారు, భుజాల మీద పట్టీలు. చొక్కా మీద ఏదో రాసి ఉంటుంది. నాకు చదవరాదు గాని, వాడు రోజుకు నాలుగుసార్లు చదివి వినిపించేవాడు. మెడలో విజిల్. ఆ విజిల్ మెడలో పడ్డాక వాడి నడకే మారిపోయింది. ఇంట్లో పిల్లి అడ్డం వచ్చినా చెయ్యి చాపి ఆపేవాడు.

"గా కమాను గుంజలు తీసేయించరాదు? దిగి ఎక్కుడు, దిగి ఎక్కుడు, నడుములు పోతున్నయి" అని సరళ అడిగింది ఒక రోజు.

"పెండ్లోల్లు పెట్టుకుంటరు. తీసేయమంటె నా నౌకరి తీసేస్తరు."

"అయితె నేను రోడ్డు మీదికెల్లి పోత."

"మాట ఇచ్చినవ్ గద. మల్ల మొదటికొస్తవేంది? గీ సీజన్ అయ్యేదాంక జర సూసుకుంట పో."

చైత్రం దాటి వైశాఖంలో జరిగింది ఆ సంగతి. ఎండలు ముదిరాయి. ఆ రోజు ఏనుగుల హాల్లో పెద్ద పెళ్ళి, పొద్దున ముహూర్తం. గేటు ముందు ఎర్ర తివాచీ పరిచి, ట్రాకు మీదుగా తెచ్చి రోడ్డు అంచు దాకా లాగారు. ఒకే రకం చీరలు కట్టుకున్న అమ్మాయిలు పన్నీరు బుడ్లు పట్టుకుని నిలబడ్డారు. బాలేష్ తివాచీ పక్కన నిలబడి మేడ్చల్ వైపు చూస్తున్నాడు, కార్లు అటునుంచే వస్తాయి కాబట్టి. శామీర్‌పేట వైపు వాడి వీపు ఉంది.

సరళ శామీర్‌పేట వైపు నుంచే వస్తోంది. డబ్బా నిండుగా ఉంది. నాకు ఇవతలి నుంచి అంతా కనిపిస్తోంది. వస్తోంది, గాలయ్య గొడుగు వంచాడు, దాటింది, కమాను గుంజల దగ్గర దిగింది, మళ్ళీ ఎక్కింది. అటునుంచి తెల్లకారు ఒకటి వచ్చింది, ముందర బంతిపూలు కట్టి ఉన్నాయి. లోపలున్నవాడు బాలేష్‌నే చూస్తున్నాడు. బాలేష్ వాడినే చూస్తున్నాడు. విజిల్ ఊదాడు. చెయ్యి పెద్దగా చాపి, లోపలికి రా, రా అని ఊపాడు. కారు గేటులోకి తిరిగింది.

పెద్ద చప్పుడేమీ కాలేదు. గిన్నె కిందపడ్డట్టు అయింది, అంతే. సైకిల్ ముందు చక్రం కారు కిందికి పోయింది. సరళ గోడ మీద పడి, అక్కడి నుంచి కింద పడింది. డబ్బా మూత ఊడింది. ఐసుగడ్డలూ చేపలూ తివాచీ పొడుగునా జారుకుంటూ పన్నీరు అమ్మాయిల కాళ్ళ దగ్గరికి పోయాయి. కొర్రమట్ట ఒకటి ఇంకా ప్రాణంతో ఉంది, ఎర్ర తివాచీ మీద పొర్లుతోంది.

నేను చేతిలో కత్తితో అలాగే రోడ్డు దాటాను. ముసలిది కత్తి పట్టుకుని వస్తుంటే అటూ ఇటూ బండ్లన్నీ ఆగిపోయాయి. ఆ రోడ్డు దాటడం అంత సులువని నాకు అదివరకు తెలియదు.

కారులోంచి దిగినవాడు పెళ్ళికొడుకు మేనమామట. పట్టుపంచె, మెడలో గొలుసు. పడ్డ మనిషిని చూడలేదు, తివాచీని చూశాడు.

"శుభమా అని పెండ్లికొస్తె గీ నీసు వాసనేంది" అన్నాడు. తర్వాత బాలేష్ వైపు వేలు చూపించి, "రమ్మన్నోడు ఈడే. నన్నేమనకుర్రి" అన్నాడు.

బాలేష్ నోట్లో విజిల్ అలాగే ఉంది. తీయడం మరిచిపోయాడు. వాడు ఊపిరి వదిలినప్పుడల్లా అది సన్నగా కూస్తోంది.

హాలు మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "ముందు ఆ చేపలు తియ్యి, పెండ్లికొడుకు వస్తుండు" అన్నాడు.

నా కొడుకు వంగి చేపలు ఏరడం మొదలుపెట్టాడు.

సరళను లేపింది నేనూ గాలయ్యా. కుడిచెయ్యి మోచేతి కింద వంకరగా వేలాడుతోంది. ఆమె ఏడవలేదు. చేపలు ఏరుతున్న మొగుడిని చూస్తూ నిలబడింది. ఆ మనిషి నా భార్య అని వాడు అక్కడ ఒక్కరికి కూడా చెప్పలేదు. మేము ఆటో ఎక్కేటప్పటికి తివాచీ మీద పన్నీరు చల్లుతున్నారు.

ఎముక విరిగింది, కట్టు కట్టారు. సాయంత్రానికి ఇంటినిండా మనుషులు. బాలేష్ కథ చెప్పడం మొదలుపెట్టాడు. కారు విమానంలా వచ్చిందట. డ్రైవరు తాగి ఉన్నాడట. వీడు ఆపమని విజిల్ ఊదినా వినలేదట. నేను నోరు తెరవబోయాను. సరళ మంచం మీదినుంచి మంచి చేత్తో నా తొడ మీద గిల్లింది. గట్టిగా గిల్లింది. నోరు మూసుకున్నాను.

"ఎందుకే?" అని అందరూ పోయాక అడిగాను.

"ఇప్పుడు కాదత్తమ్మా" అంది.

మర్నాడు వీరేందర్ సారు బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు, ప్యాంటుకు మా చాప మరకలు అంటుతాయని కాబోలు.

"ట్రాకుకు చెడ్డపేరొస్తున్నదవ్వా" అన్నాడు. "ట్రాకు తప్పేం లేదు. గేటు కాడ సైకిలు దిగి, అటుఇటు సూసి, నడిపించుకుంట పోవాలె. రూలు గది."

"మా ఇంటికాడికెల్లి మేడ్చల్ దాంక గేట్లే గదా సారూ. ప్రతి గేటుకు దిగి తోలుకపోతందుకు గది సైకిలా, మేకపిల్లనా?"

"సేఫ్టీ ముఖ్యం గదవ్వా."

"మరి గేటు కాడ కారోడు దిగి, కారు నూకుకుంట పోవాలని ఎందుకు రూలు పెట్టలే?"

ఆయన బాలేష్ వైపు చూసి, మీ అమ్మకు వయసైంది అన్నట్టు నవ్వాడు. బాలేష్ కూడా నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ నాకు మింగుడు పడదు. బత్తాయిలు మాత్రం తిన్నాను, తియ్యగానే ఉన్నాయి.

తర్వాత అధికమాసం వచ్చింది. మళ్ళీ ముహూర్తాల్లేవు. కమానులు పోయాయి, జనరేటర్లు పోయాయి, ఏనుగుల మీదికి కాకులు తిరిగొచ్చాయి. గాలయ్య బండి తప్ప ట్రాకు కడిగినట్టు ఖాళీ. వీరేందర్ సారు దాని మీద నిలబడి ఫోనులో వీడియో తీయించుకున్నాడు. ఎంత ప్రశాంతంగా ఉందో చూడండి అని చెబుతున్నాడట అందులో. గాలయ్య నాకు చూపించాడు. వెనకాల నా బల్ల, నేను కనిపిస్తున్నాం. నేను ఆవలిస్తున్నాను.

కట్టు విప్పిన వారానికి బాలేష్ ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. పేరు ఇస్తారి, కౌకూర్‌లో వాచ్‌మన్ పని చేస్తాడు. సైకిల్ కొనడానికి వచ్చాడు. ముందు చక్రం అప్పటికే సరళ మార్పించి పెట్టింది. ఇస్తారి సీటు మీద చెయ్యేసి, టైర్లు ఒత్తి చూస్తున్నాడు.

సరళ గడపలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. చెయ్యి ఇంకా సన్నగానే ఉంది, చేట సరిగ్గా లేవడం లేదు.

"ఎవలనడిగి అమ్ముతున్నవ్?" అంది.

"ఎవలనడగాలె? రోడ్డు మీద పోతె లారీలు, ట్రాకు మీద పోతె కార్లు. ఇగ ఇంట్ల కూసో. అమ్మ పక్కన బల్లున్నది. చేపలు కోసుకుంట కూసుంటె ఎవడు గుద్దుతడు నిన్ను?"

నేనేదో అనబోయాను. సరళ చేట కింద పెట్టింది.

"ఆ దినం నువ్వు ఏ దిక్కు సూస్తున్నవ్?"

"ఏ దినం?"

"తెలుసు నీకు."

బాలేష్ ఇస్తారి వైపు చూశాడు. "కార్ల దిక్కు సూస్త. గదే నా పని."

"నా దిక్కు సూసినవా?"

వాడు వంగి సైకిల్ స్టాండు సరిచేశాడు.

"నువ్వు సెయ్యి ఊపింది నేను సూసిన. ఆని తప్పు, ఈని తప్పు అని ఊరంత చెప్పుకున్నవ్, నేను ఒక్క మాట అనలే. ఇప్పుడు గూడ తప్పంటలేను. నువ్వు కావాలని పిలిచినవంటనా? అనను. నన్ను సూడలేదంటున్న, గంతే." గొంతు పెంచలేదు. బియ్యంలో రాయి కనబడితే ఏరి పారేసింది. "నా మొగనివి. నా సైకిలు సప్పుడు నీకెరుక, నా డబ్బ నీకెరుక. నేను గా యాళ్లకు వస్తనని నీకెరుక. గా తొవ్వ మీద పొమ్మన్నది నువ్వే. నువ్వే సూడలేదు నన్ను. ఇగ దాని మీద నన్నెవడు సూస్తడో చెప్పు."

ఇస్తారి సీటు మీదినుంచి చెయ్యి తీశాడు. "మీరు మీరు మాట్లాడుకోర్రి. నేను మల్లొస్త" అని, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

బాలేష్ అక్కడే నిలబడ్డాడు. వాడి మెడలో ఆ రోజు విజిల్ లేదు, నీలం చొక్కా లేదు. బనియనుతో ఉన్నాడు, పొట్ట కొంచెం బయటికి ఉంది. నాకు జాలేయాలి, వేయలేదు. "మరి ఏం జేస్తవ్?" అన్నాడు.

"రోడ్డు మీద పోత" అంది సరళ. చేట తీసుకుంది.

అడగడం కాదది. చెప్పడం. వాడికి కూడా ఆ తేడా తెలిసింది. పొద్దుగూకే వేళకు పంపు తెచ్చి రెండు టైర్లకూ గాలి కొట్టాడు. దాన్నే క్షమాపణ అనుకోవాలట. సరళ అనుకుందేమో తెలియదు. నేను అనుకోలేదు. గాలి ఎవడైనా కొడతాడు.

మిరుగం వచ్చింది. మృగశిర కార్తె మొదటి రోజు చేప తినని ఇల్లు మా దిక్కు ఉండదు. ఏడాదికి ఆ ఒక్కరోజు మమ్మల్ని చూసి ఎవరూ ముక్కు మూసుకోరు. తెల్లారేసరికి నా బల్ల ముందు జనం. సరళ డబ్బా ఎత్తుగా నింపింది, పైన ఇంకో గోనెసంచి కట్టింది. మేడ్చల్‌లో ఆమె ఇళ్ళన్నీ ఫోను మీద ఫోను చేస్తున్నాయి.

అధికమాసం ఇంకా పోలేదు. ఎదురుగా ట్రాకు ఖాళీగా, పచ్చగా, ఎవరూ తొక్కని కొత్త చాపలా ఉంది. ఆమె దాని వంక చూడలేదు. నా పక్కనే, ఎడమచేతి వైపున తారురోడ్డు ఎక్కింది. అంచుకు అతుక్కుని పోలేదు, మూరెడు లోపలికే పోయింది. చెయ్యి ఇంకా గట్టిపడలేదు, హ్యాండిల్ కొంచెం ఊగింది, నిలబెట్టుకుంది.

వెనక నుంచి బస్సు వచ్చింది, కండ్లకోయ కాలేజీ పిల్లల బస్సు. హారన్ మోత ఆపకుండా వచ్చింది. నా చేతిలో చేప అలాగే ఉండిపోయింది. బస్సు సరళ దగ్గరికొచ్చి నెమ్మదించింది. ఆమె వెనకే కొంతదూరం నడిచింది. ఎదురుగా వచ్చే లారీ పోయాక డ్రైవరు బస్సును బాగా కుడికి తిప్పి, ఆమెను దాటుతూ, ఎడమ కిటికీ దిక్కు వంగి అరిచాడు.

"ఏమే, రోడ్డు నీ అయ్య రాసిచ్చిండా? పక్కపొంటి పచ్చగ తొవ్వ ఏసిర్రు, నీకు కండ్లు కనవడ్తలేవా?"

సరళ తల తిప్పలేదు. తొక్కుకుంటూ పోయింది.

అవతల గాలయ్య కత్తి ఆపి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను పిలిచాడు.

"అవ్వా, నీ కోడలిని అంత లావు తిడ్తుంటె ఏమనవేంది?"

నేను చేప పొలుసు గీకుతూ ఉన్నాను.

"తిట్టనీ బిడ్డా" అన్నాను. "సూసిండు గాబట్టే తిట్టిండు."